ఆరోగ్యమే మహాభాగ్యం: ఎర్రబడని ఒంటి మీద నర్సు ఏం చూడాలి?



ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలలో కొన్ని ఒక్క ఇంటివి కావు, అందరి ఇళ్లవీ. ఈ నెల మేము తీసుకున్న ప్రశ్న అలాంటిదే. ఒక సోదరి ఇలా అడిగారు: “మా అత్తగారిని నిమోనియాతో ఆసుపత్రిలో చేర్చాము. వచ్చినదేమో ఊపిరితిత్తుల జబ్బు. అయినా నర్సు ఆవిడ వీపు, నడుము, మడమలు, కాలివేళ్ల సందులు, తల కుదుళ్లు, గోళ్లు ఒకటొకటిగా చూసి కాగితం మీద రాసుకుంది. అత్తగారు సిగ్గుతో చితికిపోయారు. ఇదంతా అవసరమా?”

అవసరమే అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ పరీక్షలో నర్సుకు తెలియనిది, మనకు మాత్రమే తెలిసినది ఒకటి ఉంది. అది మన ఒంటి మామూలు రంగు. ఆ సంగతి మనం నోరు విప్పి చెప్పకపోతే పరీక్ష సగమే జరిగినట్టు. ఈ నెల మనం ముచ్చటించుకోబోయేది దాని గురించే.

ఏమిటీ పరీక్ష?

శరీరంలోని అవయవాలన్నింటిలో పెద్దది చర్మం. లోపల గుండె, కాలేయం, మూత్రపిండాలు, రక్తం ఏ స్థితిలో ఉన్నాయో కొంతవరకు పైన చర్మం మీద, జుట్టులో, గోళ్లలో కనిపిస్తుంది. సూది లేకుండా, యంత్రం లేకుండా, ఖర్చు లేకుండా జరిగే పరీక్ష ఇది. మంచి వెలుతురు, రెండు కళ్లు, రెండు చేతులు, కాస్త ఓపిక ఉంటే చాలు.

నర్సు మొదట అడుగుతుంది: దురద ఉందా, కొత్త మచ్చ ఏదైనా వచ్చిందా, ఏ మందైనా పడదా, జుట్టు రాలుతోందా అని. తరువాత చూస్తుంది: రంగు, దద్దుర్లు, గాయాలు, పుట్టుమచ్చలు. ఆ తరువాత ముట్టుకుంటుంది. చేతి వెనుక వైపుతో వేడి తెలుసుకుంటుంది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి, గుంట పడితే నీరు పట్టిందని గ్రహిస్తుంది. చర్మాన్ని చిటికెతో పట్టి వదిలి, వెంటనే వెనక్కు పోకపోతే ఒంట్లో నీరు తగ్గిందేమో అనుకుంటుంది. పెద్ద వయసువారిలో చేతి మీది చర్మం ఎలాగూ వదులుగా ఉంటుంది కనుక వారికి ఛాతీ ఎముక మీద పట్టి చూస్తారు. ఎప్పుడూ కుడి వైపును ఎడమ వైపుతో పోల్చి చూస్తారు.

చివరగా అంతా రాసి పెడుతుంది. ఏ మచ్చ ఎక్కడ ఉంది, ఎంత వెడల్పు, ఏ రంగు అన్నది చేరిన రోజునే రాస్తే, రాత్రి డ్యూటీకి వచ్చే నర్సు దానితో పోల్చుకోగలుగుతుంది. ఇంటి నుంచి వచ్చిన మచ్చ ఏది, మంచం మీద పడుకున్నాక పుట్టినది ఏది అన్న తేడా తెలిసేది అప్పుడే.

దీనితోపాటే మంచాన పడిన మనిషికి పుండ్లు పడే ప్రమాదం ఎంత ఉందో లెక్క కడతారు. అందుకు 1987లో అమెరికాలో బార్బరా బ్రాడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు ఒక కొలబద్దను ప్రకటించారు. స్పర్శ తెలియడం, ఒంటికి తడి, లేచి తిరగడం, మంచంలో కదలడం, తిండి, ఒరిపిడి అనే ఆరు అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 వరకు వస్తాయి. బడిలో మార్కుల వలెనే ఇక్కడ కూడా తగ్గితే గండం. 18 గాని అంతకు తక్కువ గాని వస్తే జాగ్రత్త పడతారు.

పుస్తకాలు ఎవరి ఒంటిని చూసి రాశారు?

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా రంగు దగ్గర వస్తుంది. వైద్య గ్రంథాలలోను, నర్సింగ్ పాఠ్యగ్రంథాలలోను “ఎర్రబడుట”, “పాలిపోవుట”, “నీలి రంగు తేలుట” అని మాటలు కనబడతాయి. ఆ మాటలు, ఆ బొమ్మలు చాలావరకు తెల్లని చర్మం మీద చూసి కూర్చినవి. పెద్ద ఉదాహరణ ఒకటి చెబుతాము. చర్మవైద్యులు నిత్యం వాడే వర్గీకరణను 1975లో హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ తయారు చేశారు. ఎండ తగిలితే కమలుతుందా, నల్లబడుతుందా అన్నదాన్ని బట్టి తెల్లని చర్మాన్ని నాలుగు రకాలుగా విభజించారు. గోధుమ రంగు, నలుపు చర్మాలను ఐదు, ఆరు అంకెలుగా ఆ తరువాత చేర్చారు. అంటే లోకంలో ఎక్కువమంది ఒంటి రంగు అనుబంధంలోకి వెళ్లిందన్నమాట.

ఇప్పుడిప్పుడే ఈ లోటు తీర్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2020లో లండన్‌లో మలోన్ ముక్వెండే అనే వైద్య విద్యార్థి తన అధ్యాపకులతో కలిసి, నల్లని, గోధుమ రంగు చర్మాల మీద జబ్బుల గుర్తులు ఎలా కనబడతాయో చూపే చిన్న పుస్తకం వెలువరించాడు. మన న్యూజిలాండ్ చర్మవైద్యులు 1996లో ప్రారంభించిన డెర్మ్‌నెట్ చిత్రసంపుటిలో కూడా ఇప్పుడు రకరకాల చర్మాల బొమ్మలు ఉన్నాయి. అయినా మంచం పక్కన నిలబడిన నర్సు కళ్లకు ఏ చర్మం అలవాటో, ఆ చర్మం మీదే గుర్తులు త్వరగా తెలుస్తాయి. అది ద్వేషం కాదు, అలవాటు. వేరుశనగ చేలో పుట్టి పెరిగినవాడికి వరి తెగులు వెంటనే పోల్చుకోవడం కష్టం కదా.

మంచం మీద పుట్టే పుండు

మన పెద్దల ప్రాణానికి ముప్పు తెచ్చేది ఇక్కడే కనుక దీనిని కాస్త వివరంగా చెబుతాము.

మనిషి కదలకుండా పడుకుంటే ఎముకకు, పరుపుకు మధ్య చర్మం నలుగుతుంది. అక్కడికి రక్తం అందదు. నడుము కింద ఎముక, మడమలు, చీలమండలు, తుంటి, మోచేతులు, తల వెనుక భాగం ముఖ్యమైన చోట్లు. కొన్ని గంటలలోనే లోపలి కండ దెబ్బతినడం మొదలు కావచ్చు. పైకి పుండుగా విచ్చుకునేసరికి లోపల నష్టం జరిగిపోయి ఉంటుంది. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. చీము పట్టి, ఎముకకు పాకి ప్రాణం మీదకు రావచ్చు.

మొదటి మెట్టులోనే పట్టుకుంటే మనిషిని పక్కకు తిప్పడం, మడమను పరుపుకు తగలకుండా లేపి ఉంచడం వంటి పనులతోనే చాలావరకు ఆపవచ్చు. ఆ మొదటి మెట్టు గుర్తు ఏమిటని పుస్తకం చూస్తే, “వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు” అని ఉంటుంది. తెల్లని చర్మం మీద ఇది స్పష్టం. మంచి చర్మాన్ని నొక్కితే తెల్లబడి, వదలగానే మళ్లీ ఎర్రబడుతుంది. చెడిన చోట తెల్లబడదు. మన ఒంటి మీద అసలు ఎరుపే కనబడకపోవచ్చు, నొక్కితే తెల్లబడటమూ తెలియకపోవచ్చు. “ఎరుపు లేదు” అని నర్సు నిజాయితీగానే రాస్తుంది. లోపల పుండు తయారవుతూనే ఉంటుంది.

మరి మన ఒంటి మీద ఏం చూడాలి?

రంగు: చుట్టుపక్కల చర్మం కంటే ఆ చోటు ఇంకా నల్లగా, ఊదాగా లేదా నీలంగా ఉందా? మంచి వెలుతురులో, చర్మాన్ని కాస్త తడిచేసి చూస్తే తేడా బాగా తెలుస్తుంది.

వేడి: చేతి వెనుక వైపుతో తాకితే పక్క చోటు కంటే వేడిగా ఉందా? దెబ్బ ముదిరినప్పుడు చల్లగానూ ఉండవచ్చు.

గట్టిదనం: వేలితో తాకితే పక్కదానికంటే గట్టిగా గాని, నీరు నిండినట్టు మెత్తగా గాని ఉందా?

నొప్పి: మంట, దురద, సలుపు ఉన్నాయా? ఇది రంగుతో పని లేని గుర్తు. కాని మనిషి నోటితో చెప్పాలి.

మన పెద్దలతో వచ్చే ఇబ్బంది చివరిదాని దగ్గరే. నర్సు “నొప్పిగా ఉందా?” అని అడిగితే, అమ్మమ్మ నవ్వి తల అడ్డంగా ఊపుతుంది. పరాయి మనిషికి శ్రమ ఇవ్వకూడదని ఆవిడ మర్యాద. కొడుకు వచ్చి “ఎలా ఉన్నావమ్మా?” అంటే “బాగానే ఉన్నాను నాయనా, నువ్వు తిన్నావా?” అంటుంది. మేము చూసిన ఒక పెద్దాయన విషయంలో ఇలాగే జరిగింది. తుంటి ఎముక విరిగి వచ్చారు. అయిదు రోజులు ఎవరు అడిగినా “ఫరవాలేదు” అన్నారు. ఆరో రోజు మడమ మీద చర్మం నల్లబడి ఊడింది. తుంటి నయమై ఇంటికి వెళ్లాక కూడా ఆ మడమ ఆయనను నాలుగు నెలలు నడవనివ్వలేదు. మరొక ఇంట, తల్లి కాళ్లు పడుతున్న కూతురు “ఈ మడమ ఆ మడమ కంటే వేడిగా ఉంది” అని నర్సుకు చెప్పింది. ఆ పూటే పిక్కల కింద దిండు పెట్టి మడమలను గాలిలో ఉంచారు. అంతటితో పోయింది. ఆ కూతురు వైద్యం చదవలేదు. చేతితో ముట్టుకుని చూసింది, చూసినది చెప్పింది.

ఇక మనం ప్రేమతో చేసే కొన్ని పనులు మానాలి. వేడెక్కిన ఎముక చోట నూనె వేసి గట్టిగా మర్దన చేయకూడదు. దెబ్బతిన్న కండ మరింత నలుగుతుంది. మధ్యలో కన్నం ఉన్న గాలి రింగు మీద కూర్చోబెట్టకూడదు. కన్నం చుట్టూ ఒత్తిడి పెరిగి రక్తం ఆగుతుంది. చీర కట్టిన వారికి లంగా బొందు ముడి, పిన్నీసు, మగవారికి మొలతాడు, తాయెత్తు ఒంటి కింద పడి నొక్కుతున్నాయేమో చూడాలి. ఆక్సిజన్ గొట్టం చెవి వెనుక, కళ్లజోడు, చెవిపోగులతో కలిసి ఒరుసుకుంటుందేమో చూడాలి. బొందు ముడి సంగతి ఇక్కడి నర్సుకు తట్టే అవకాశం తక్కువ. మనమే చెప్పాలి.

పాలిపోవడం, పచ్చబడటం, నీలమెక్కడం

“అరచేతి పుండుకు అద్దమేల” అన్నారు మనవాళ్లు. నిజమే, మన ఒంట్లో అరచేయి, అరికాలు, చిగుళ్లు, కింది కనురెప్ప లోపలి వైపు, గోటి కింది భాగం రంగు తక్కువగా ఉండే చోట్లు. జబ్బు రంగు తెలిసేది అక్కడే.

రక్తం తగ్గినప్పుడు తెల్లవారు తెల్లగా పాలిపోతారు. మనం పసుపు కలిసిన గోధుమ రంగులోకో, బూడిద రంగులోకో మారతాము. ముఖం చూసి తేల్చడం కష్టం. కింది రెప్పను కిందికి లాగి లోపల చూడాలి, అరచేతి గీతలు చూడాలి. కామెర్లకు కంటి తెల్లగుడ్డు, అంగిలి చూడాలి. పురిటి బిడ్డలకైతే కంటితో పాటు చిగుళ్లు కూడా చూడాలి. “మా ఇంట్లో పిల్లలందరూ ఇలాగే ఉంటారు” అని తోసిపుచ్చకుండా, పుట్టిన మొదటి రోజునే పచ్చదనం అనిపిస్తే వెంటనే మిడ్‌వైఫ్‌కు చెప్పాలి. ఎండలో పడుకోబెట్టడం దానికి చికిత్స కాదు.

ఆక్సిజన్ తగ్గినప్పుడు పెదవులు మనవారిలో నీలంగా కాక బూడిద రంగుగా కనిపించవచ్చు. నాలుక, చిగుళ్లు చూడాలి. వేలికి తగిలించే క్లిప్పు ఉందిగా అంటారేమో. 2020 డిసెంబరులో అమెరికాలో మిషిగన్ వైద్యులు ప్రచురించిన పరిశీలన చూడండి. క్లిప్పు 92 నుంచి 96 శాతం అని చూపిస్తూ ఉండగా, రక్తం తీసి పరీక్షిస్తే 88 కంటే తక్కువ ఉన్నవారు తెల్లవారిలో నూటికి సుమారు 4 మంది, నల్లవారిలో సుమారు 12 మంది. చర్మం ముదురు రంగైన కొద్దీ అంకె కొంచెం ఎక్కువ చూపే అవకాశం ఉందన్నమాట. అందుచేత అంకె బాగున్నా మనిషి ఆయాసపడుతుంటే ఆయాసాన్నే నమ్మాలి, అదే నర్సుకు చెప్పాలి.

పిల్లల ఒంటి మీద

మన పసిపిల్లల్లో చాలామందికి నడుము కింద, పిరుదుల మీద నీలి మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. కొన్నేళ్లలో అవే పోతాయి. తెలియనివారికి అవి కమిలిన గాయాల్లా కనిపిస్తాయి. బిడ్డను ఎవరో కొట్టారేమోనని అనుమానం రావచ్చు. 1907లో డునెడిన్‌లో ట్రూబీ కింగ్ నెలకొల్పిన ప్లంకెట్ సంస్థ నర్సులు ఈనాటికీ ఇళ్లకు వచ్చి పిల్లలను చూస్తున్నారు. వారు గాని, మిడ్‌వైఫ్ గాని వచ్చినప్పుడు ఆ మచ్చలు చూపించి, బిడ్డ ఆరోగ్య పుస్తకంలో రాయించండి. రేపు డేకేర్‌లో ప్రశ్న వస్తే ఆ కాగితమే జవాబు చెబుతుంది.

రెండవది అత్యవసరం. మెనింగోకాకల్ వ్యాధి ఈ దేశానికి పాత శత్రువు. 1991లో మొదలైన దాని ఉధృతి ఏళ్ల తరబడి సాగగా, 2004లో ప్రత్యేకంగా టీకా కార్యక్రమమే చేపట్టవలసి వచ్చింది. జ్వరం, వాంతులు, తలనొప్పి, కాళ్ల నొప్పులు, చల్లబడిన చేతులు, మగత దీని లక్షణాలు. దద్దు ఆలస్యంగా రావచ్చు, అసలు రాకనూ పోవచ్చు. గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాని చుక్కలు ప్రమాద సూచన. మన పిల్లల ఒంటి మీద ఆ చుక్కలు కనబడకపోవచ్చు కనుక అరచేతులు, అరికాళ్లు, కింది రెప్పల లోపల, అంగిలి చూడండి. అయితే దద్దు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. బిడ్డ తీరు మారిందనిపిస్తే 111కు ఫోన్ చేయండి. అంత తొందర లేదనిపించినా సందేహం ఉంటే హెల్త్‌లైన్ 0800 611 116లో నర్సుతో రాత్రీపగలూ మాట్లాడవచ్చు.

మూడవది మన తల్లుల సున్నిపిండికి సంబంధించినది. పది పన్నెండేళ్ల పిల్లలకు మెడ వెనుక, చంకలలో నల్లగా, మందంగా, మఖమలు గుడ్డలా చర్మం తయారవుతుంది. మురికి అనుకుని తల్లి పీచుతో తోముతుంది, పిల్ల ఏడుస్తుంది. అది మురికి కాదు. ఎంత తోమినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చర్మం ఇచ్చే కబురు అది. మధుమేహం మన జాతిని ఎంతగా పట్టుకుందో అందరికీ తెలిసినదే. పీచు పక్కన పెట్టి, పిల్లను తిట్టడం మాని, డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయించండి.

జుట్టు

జుట్టులో నర్సు చూసేవి పలచబడటం, చుండ్రు, పేలు, ఈపులు, తల మీద పుండ్లు. మన తరఫున కొన్ని చెప్పాలి. గుండు ఉంటే అది తిరుపతి మొక్కు అని, క్యాన్సర్ మందుల వల్ల కాదని చెప్పాలి. తలకు నూనె ఉంటే అది అశుభ్రత కాదని చెప్పాలి. ప్రసవమైన రెండు మూడు నెలలకు, పెద్ద జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలడం సహజం. చాలామందికి అదే తిరిగి వస్తుంది. నున్నగా గుండ్రంగా ఊడితే మనం పేనుకొరుకుడు అంటాము. పేనుకు దానికి సంబంధం లేదు, వైద్యుడికి చూపించాలి. బిగించి జడ వేస్తే నుదుటి దగ్గర, చెవుల పైన జుట్టు శాశ్వతంగా పోవచ్చు. తలకు వేసే నల్ల రంగు, నల్ల గోరింటాకు అని అమ్మే పేస్టు కొందరికి బొబ్బలెక్కిస్తాయి. ఒకసారి పడనిది మళ్లీ వాడకూడదు, ఆ సంగతి ఆసుపత్రి కాగితంలో రాయించాలి.

స్వదేశం నుంచి తెచ్చుకునే క్రీముల మాట కూడా ఇక్కడే. తామరకని, తెలుపుకని చీటీ లేకుండా అక్కడ దొరికే గొట్టాలలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. తామర పైకి తగ్గినట్టు కనిపించి, రూపు మార్చుకుని పాకుతుంది. నర్సు అడిగినప్పుడు దాచకుండా ఆ గొట్టమే తెచ్చి చూపించండి.

గోళ్లు

చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. కనుక అయిదారు నెలల చరిత్ర దాని మీద రాసి ఉంటుంది. గోరు మధ్యలో చెంచాలా గుంట పడితే ఇనుము తక్కువేమో చూడాలి. వేలికొన ఉబ్బి, గోరు చిలుకముక్కులా వంగితే ఊపిరితిత్తులు, గుండె పరీక్షించాలి. రెండు చూపుడువేళ్ల గోళ్లను వీపు వీపు ఆనించి పట్టుకుంటే మధ్యలో చిన్న వజ్రం ఆకారపు సందు కనబడాలి. ఆ సందు మూసుకుపోతే వైద్యుడికి చూపించండి. దక్షిణాఫ్రికా వైద్యుడు లియో షామ్రోత్ తన చేతి మీదే గమనించి 1976లో లోకానికి చెప్పిన పరీక్ష ఇది.

గోటిని నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలంటారు. జూలైలో మానవటూ గాలికి చల్లబడిన వేళ్లలో అది ఆలస్యమవుతుంది. పండిన గోరింటాకు గోళ్ల మీద అసలే తెలియదు. పెళ్లి నుంచి వచ్చిన చేతులతో ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే, అది రంగు అని, కడిగితే పోదని చెప్పండి. గోళ్ల రంగు మాత్రం చెరిపేయండి.

మనవారి గోళ్లలో నిలువుగా సన్నని నల్లగీతలు మామూలే. అనేక వేళ్లకు, ఏళ్ల తరబడి ఒకేలా ఉంటే భయం లేదు. ఒక్క వేలికే కొత్తగా వచ్చి, వెడల్పవుతూ, పక్క చర్మానికి పాకితే ఆలస్యం చేయవద్దు. న్యూజిలాండ్‌లో మెలనోమా చాలా ఎక్కువ. మనకు ఆ ప్రమాదం తక్కువన్న మాట నిజమే. కాని మనవంటి వారికి వచ్చినప్పుడు అది అరికాలిలో, అరచేతిలో, గోటి కింద రావడం ఎక్కువ. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలివేలి గోటి కింద కనబడిన క్యాన్సర్ అదే. 1981లో 36 ఏళ్లకే ఆయన పోయారు.

మధుమేహం ఉన్న పెద్దలకు కాలిగోళ్లు బ్లేడుతో తీయవద్దు. స్పర్శ తగ్గిన కాలికి తెగినా తెలియదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు అవుతుంది. పోడియాట్రిస్టు అనే పాదవైద్యుల చేత తీయించండి.

మొహమాటం ఎంతవరకు?

పెద్దల సిగ్గును తేలికగా తీసుకోమని మేము అనము. చీర చాటున డెబ్భై ఏళ్లు గడిపిన మనిషికి పరాయివారి ముందు ఒళ్లు చూపడం చిన్న విషయం కాదు. అయితే ఈ దేశంలో దీనికి మార్గం ఉంది. 1988లో ఆక్లండ్ స్త్రీల ఆసుపత్రి విషయమై సిల్వియా కార్ట్‌రైట్ జరిపిన విచారణ తరువాత, 1996లో రోగుల హక్కుల నియమావళి అమలులోకి వచ్చింది. అందులో పది హక్కులు ఉన్నాయి. మన ఆచారాలను గౌరవించాలి, అర్థమయ్యే భాషలో చెప్పాలి, అవసరమైన చోట వీలున్నంతవరకు దుబాసీని ఏర్పాటు చేయాలి, తోడుగా మనవారిని ఉండనివ్వాలి అన్నవి వాటిలోనివే. ఆడ నర్సు కావాలని, తెర వేయమని, ఒక్కొక్క భాగమే తెరిచి చూడమని అడగడం తప్పు కాదు. దుబాసీ పని మాత్రం పదేళ్ల మనవడి నెత్తిన పెట్టకండి. నాయనమ్మ తన పుండు సంగతి వాడితో చెప్పదు.

పైగా ఇలా అడగాలని నర్సులకు నేర్పినది కూడా ఈ దేశమే. ఇరిహపెటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు ఒక కొత్త ఆలోచన తెచ్చారు. అందిన సేవ తనకు క్షేమంగా ఉందో లేదో నిర్ణయించవలసినది సేవ పొందే మనిషే తప్ప నర్సు కాదు అన్నది దాని సారం. 1992లో న్యూజిలాండ్ నర్సింగ్ కౌన్సిల్ దానిని నర్సుల చదువులో భాగం చేసింది. రామ్స్‌డెన్ 2003లో కన్నుమూశారు. మావోరీలకు తల పవిత్రం కనుక తల ముట్టుకునే ముందు అనుమతి అడగాలని ఇక్కడి నర్సులు చదువుకుంటారు. మన ఊరి మాసీ విశ్వవిద్యాలయం 1973 నుంచి నర్సులకు చదువు చెబుతోంది. ఒకరి తల విషయం నేర్చుకున్నవారు, మరొకరి ఒంటి రంగు విషయం నేర్చుకోలేరా? మనం చెబితే నేర్చుకుంటారు. అడగందే అమ్మయినా పెట్టదు.

కనుక మా మనవి ఇది. ఇంట్లో పెద్దలు ఆసుపత్రిలో చేరితే ఈ నాలుగు మాటలు నర్సుతో చెప్పండి.

1. “ఇది ఆవిడ మామూలు రంగు. ఇక్కడ మాత్రం మారింది.” జబ్బు లేనప్పుడు తీసిన ఫోటో ఒకటి దగ్గర ఉంచుకోండి.

2. “ఎరుపు కనబడకపోవచ్చు. దయచేసి చేతితో ముట్టుకుని వేడి, గట్టిదనం చూడండి.”

3. “ఆవిడ నొప్పి ఉన్నా లేదంటారు. ఫలానా చోట ఉందా అని విడిగా అడగండి.”

4. “ఒంటి మీద ఇవి ఉన్నాయి.” అంటే మొలతాడు, బొందు, గోరింటాకు, నూనె, క్రీములు.

రోజుకొకసారి మీరు కూడా రెండు మడమలు, నడుము కింద చేయి పెట్టి చూడండి. కాళ్లు పట్టడం మనకు కొత్త కాదు. పడుతున్నప్పుడు ఏ కాలు వేడిగా ఉందో గమనిస్తే చాలు.

వచ్చే నెల చలికాలపు దగ్గు, ఉబ్బసం గురించి ముచ్చటిద్దాము. ప్రశ్నలు ఎప్పటివలె సంఘం కార్యదర్శిగారికి అందజేయండి. పేర్లు ప్రకటించము.

సర్వే జనాః సుఖినో భవంతు.